పద్నాలుగు పాయింట్ల దీపం

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అందరూ ఒకే మాట అంటున్నారంటే ముందే కూడబలుక్కున్నారేమోనని నా అనుమానం.

కోరుట్ల బస్టాండు దగ్గర నాకో నెట్ సెంటరు ఉంది. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, ఆన్‌లైన్ దరఖాస్తులు. పదేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుని ఎన్ని దొంగ సర్టిఫికెట్లు చూశానో చెప్పలేను. ఎవరైనా మెమో చేతికిస్తే ముందు దాన్ని వెలుగులో పెట్టి చూస్తాను. తర్వాత తెచ్చినవాడి ముఖం చూస్తాను. ఈ గుణం దుకాణానికి మేలే చేసింది. దుకాణం బయట ఏం చేసిందో చెబుతాను, వినండి.

నా పేరు వీరేందర్. ముప్పై నాలుగేళ్ల వయసులో గేమ్ ఆడతాడని నవ్వేవాళ్లున్నారు, నవ్వనీ. మేం ఆడే ఆటకు ఇంగ్లిషులో బారెడు పేరుంది గానీ మా వైపు అందరూ దాన్ని టక్కర్ అనే అంటారు. బండ్ల పందెమే, కానీ కొట్టుకుంటూ పోవాలి. ఒక్కో లారీకి ఇద్దరు. ఒకడు నడుపుతాడు. రెండోవాడు వెనక కూర్చుని తుపాకీ పేలుస్తాడు, వెనక నుంచి రాకెట్ వస్తుంటే పొగ వదిలి దాన్ని దారి తప్పిస్తాడు. ఆరు చుట్లు ముందుగా తిరిగిన లారీదే గెలుపు, అంతవరకూ అది మిగిలితే.

రోడ్డు మీద జరిగేది సగం ఆటే. మిగతా సగం గ్యారేజీలో జరుగుతుంది. ప్రతి జోడీకి వంద పాయింట్లు ఇస్తారు. వాటితోనే ఇంజను పెంచుకోవాలి, దెబ్బలు ఆపే రేకులు బిగించుకోవాలి, టైర్లు, తుపాకీ, అన్నీ కొనుక్కోవాలి. ఒకటి పెంచితే ఇంకోటి తగ్గాల్సిందే. కొత్తవాళ్లు పాయింట్లన్నీ తుపాకీకి పోసి, మూలమలుపులో పల్టీ కొట్టి, ఆటనే తిడతారు. నా పద్ధతి వేరు. ముందు టైర్లు, ఎందుకంటే రోడ్డును పట్టని బండికి ఎంత ఇంజనున్నా దండగే. తర్వాత ఇంజను. తుపాకీ ఓ మోస్తరుది చాలు. రేకులు అన్నిటికన్నా తక్కువ. ముందు పరుగెత్తేవాణ్ని పట్టుకుంటే కదా కొట్టేది! మా లారీకి పోతరాజు అని పేరు పెట్టాం. ఆ పోతరాజుతో రెండేళ్లలో చుట్టుపక్కల మమ్మల్ని మించిన జోడీ లేదనిపించుకున్నాం.

నా జోడీ పేరు జావేద్. సిరిసిల్లలో సాంచలు నడుపుతాడు. సాంచ అంటే కరెంటు మగ్గం. పదిహేనో ఏట కార్ఖానాలో అడుగుపెట్టి ఇప్పుడు ఇరవై ఆరేళ్లకు ఎనిమిది సాంచలు ఒక్కడే చూసుకుంటాడు. వాళ్ల మేనత్త ఇల్లు కోరుట్లలోనే, అందుకని సెలవురోజు నా దుకాణానికి వచ్చేవాడు. మిగతా రోజుల్లో ఎవరి ఊళ్లో వాళ్లం కూర్చుని ఆడేవాళ్లం. అనుమానం మనిషి దగ్గర స్నేహితులు నిలవరు. నా దగ్గర నిలిచింది వాడొక్కడే. అది నాకు అప్పుడూ తెలుసు. తెలిసే ఇదంతా చేశాను.

మొదలైంది ఒక దీపంతో. వెనక నుంచి రాకెట్ గురిపెట్టగానే ఆటలో సన్నటి ఈల వినిపిస్తుంది. మూడు సెకన్లలో పొగ వదలాలి. ఆ ఈల ఉచితం. దాంతోపాటు తెర అంచున ఎర్ర దీపం కూడా వెలగాలంటే పద్నాలుగు పాయింట్లు పెట్టి కొనాలి. మా జిల్లాలో దాన్ని కొన్నవాడిని నేను చూడలేదు. ఈల వినిపిస్తుంటే దీపం దేనికి? ఒకనాడు గ్యారేజీ తెరిస్తే పోతరాజుకు ఆ దీపం బిగించి ఉంది. ఇంజను ఏడో మెట్టు నుంచి ఆరో మెట్టుకు దిగింది.

మా గ్యారేజీకి తాళం చెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి. నేను కాకపోతే వాడే. ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది, ‘ఉండనియ్యి అన్నా, మంచిగుంటది’ అని. ఎందుకు మంచిగుంటుందో లేదు. దీపం తీసేసి ఇంజను మళ్లీ ఏడుకు పెంచాను. తెల్లారి చూస్తే దీపం మళ్లీ ఉంది. నేను తీయడం, వాడు పెట్టడం. నెల రోజులు ఇలాగే నడిచింది.

ఒక ఆదివారం వాడు దుకాణానికి వచ్చినప్పుడు అడిగేశాను.

“ఏంది జావేద్, గా దీపం ముచ్చట? పద్నాలుగు పాయింట్లు నీళ్లల్ల పోసినట్టే గదా!”

వాడు నా మూతి వంకే చూశాడు. నా మూతికి ఏమైనా అంటుకుందేమోనని తుడుచుకున్నాను కూడా.

“ఎనుక కూసునేది నేనే గదా అన్నా. నాకు అక్కరున్నది, ఉండనియ్యి,” అన్నాడు.

“అక్కర అంటే ఏం అక్కర? ఈల వినవడ్తది గదా?”

వాడు నవ్వి, “చాయ్ తాగుదాం పా,” అన్నాడు. అడిగిన ప్రశ్నకు చాయ్ జవాబు కాదు. అప్పటి నుంచి వాణ్ని గమనించడం మొదలుపెట్టాను. నేను పందెం ఎత్తుగడ చెప్పేటప్పుడల్లా నా ముఖం మీద నుంచి చూపు తిప్పడు, ప్రతి మాటా కంఠస్థం చేసి ఎక్కడో అప్పజెప్పాలన్నట్టు. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తడు, మెసేజే పెడతాడు. మాట్లాడితే రికార్డవుతుందని భయమేమో అనుకున్నాను. మెసేజ్ అంతకన్నా గట్టి సాక్ష్యమని నాకు తోచలేదు. అనుమానం వచ్చినవాడికి తనకు పనికొచ్చినవే తోస్తాయి.

మా ఆవిడ సంగీతకు చెబితే ఆమె కూరగాయలు తరుగుతూనే అంది, “గింత ఇదైతున్నవ్ గదా, ఎందుకు జేస్తున్నవని మంచిగ కూసుండవెట్టి అడుగరాదు?”

“అడిగిన. చాయ్ అన్నడు.”

“నువ్వు అడిగితే పోలీసోళ్లు అడిగినట్టుంటది. అందుకే అన్నడు.”

ఆమె వాడి పక్షమే మాట్లాడుతుంది. వచ్చినప్పుడల్లా వదినా వదినా అని ఆమె వండింది మెచ్చుకుంటాడు కదా!

పోయిన నెల జగిత్యాలలో పోటీలు పెట్టారు. ఒక ఫంక్షన్ హాలులో ఎనిమిది జోడీలు, గోడంత తెర, చెవులు చిల్లులు పడేంత స్పీకర్లు. గెలిచిన జోడీ మా చుట్టుపక్కల జిల్లాలన్నిటి తరఫున హైదరాబాద్ పోతుంది. నాకు ఆ హైదరాబాద్ కావాలి. జీవితంలో ఒకరి తరఫున నన్ను ఎక్కడికీ పంపలేదు ఎవరూ.

శుక్రవారం సెమీఫైనల్‌కు ముందు చూశాను ఆ సంగతి. హాలుకు అవతలి గోడ దగ్గర సిరిసిల్ల జోడీ కూర్చుంది. వాళ్లలో శ్రవణ్ అనేవాడు అసలైన మొనగాడు. వాడు జావేద్ వైపు చూసి రెండు వేళ్లు కత్తెరలా ఆడించి, అరచేతిని గుండె మీద తట్టాడు. జావేద్ ఇటునుంచి మణికట్టు గిర్రున తిప్పి, మూడు వేళ్లు చూపించాడు. శ్రవణ్ తలూపాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒక్క మాట లేదు. నా ఒళ్లు మండింది.

“ఎవడు వాడు? ఏం చెప్తున్నడు?” అన్నాను.

“మా ఊరోడే అన్నా. ఒక్క కార్ఖానాల పనిజేసినం. ఊకెనే,” అన్నాడు జావేద్.

ఊరికే ఎవరైనా మూడు వేళ్లు చూపిస్తారా? మూడో చుట్టులో ఏదో చేస్తానని మాటిచ్చాడనుకుని ఆ సెమీఫైనల్ అంతా నేను మూడో చుట్టు కోసమే కాచుకున్నాను. మూడో చుట్టులో ఏమీ జరగలేదు. పోటీ మేడిపల్లి జోడీతో. ఆ పొద్దున చివరగా గ్యారేజీ తెరిచింది జావేదే, కాబట్టి దీపం ఉంది. ఆరు రాకెట్లు వచ్చాయి, ఆరింటికీ జావేద్ పొగ వదిలాడు, ఒక్కటి కూడా తగల్లేదు. బొటాబొటిగా గెలిచాం. ఇంకెవరైనా అయితే అక్కడితో అనుమానం తీరిపోయేది. నాకు మాత్రం అదే పెరిగింది. ఫైనల్లో ఓడగొట్టాలంటే ముందు ఫైనల్‌దాకా తీసుకుపోవాలి కదా! అవతలి సెమీఫైనల్ శ్రవణ్ జోడీయే గెలిచింది.

ఆటలు అయిపోయాక మేనత్త ఇంటికి రాకుండా, “జర పనున్నదన్నా,” అని జావేద్ వెళ్లిపోయాడు. నేను బస్టాండుకు పోతున్నట్టు నాలుగు అడుగులు వేసి వెనక్కి తిరిగాను. జావేద్ పోయి శ్రవణ్ బండి వెనక ఎక్కాడు. ఆటో పట్టుకుని వెంటపడ్డాను. పాత బస్టాండు దగ్గర ఒక మేడ ముందు ఆగారు. కింద టైలరు దుకాణం, మీద మూడు బోర్డులు. ఒక వకీలు, ఒక చెవి ముక్కు డాక్టరు, ఒక చిట్టీల ఆఫీసు. నేను వకీలు బోర్డు దగ్గరే ఆగిపోయాను. ఎదురుగా హోటల్లో నలభై నిమిషాలు కూర్చున్నాను, మూడు చాయ్‌లు తాగాను. దిగి వచ్చేటప్పుడు జావేద్ చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. శ్రవణ్ వాడి భుజం మీద చెయ్యేశాడు.

ఇంటికొచ్చి సంగీతకు చెబితే ఆమె నా వంక జాలిగా చూసింది. “గేమ్‌ల మోసం జేసెటోళ్లు వకీలు తానికి పోయి అగ్రిమెంట్ రాసుకుంటరా? నీకు మతి ఉన్నదా?”

ఉంది. మతి ఉంది కాబట్టే నా ఎత్తుగడ నేను వేసుకున్నాను.

ఫైనల్ ఆదివారం పొద్దున పదకొండింటికి. పదిన్నరకు గ్యారేజీ మూసేస్తారు, ఆ తర్వాత ఎవరూ ఏదీ మార్చలేరు. శనివారం దీపం జోలికి పోలేదు. వాడు దుకాణానికి వస్తే నవ్వుతూ మాట్లాడాను. ఆదివారం పది గంటల ఇరవై తొమ్మిది నిమిషాలకు, హాలు బయట మెట్ల మీద కూర్చుని, ఫోన్‌లో గ్యారేజీ తెరిచి దీపం పీకేశాను. ఇంజను ఏడుకు పెంచి, మిగిలిన పాయింట్లతో ఒక రేకు బిగించాను. ఇక ఎన్ని వేళ్లు చూపించుకుంటారో చూపించుకోండి అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగా ఉంది.

పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. తెర వెలగగానే జావేద్ ముందుకు వంగి అంచులన్నీ వెతికాడు.

“అన్నా, దీపమేది?”

“తీసేసిన.”

“ఎందుకన్నా?” వాడి ముఖం పాలిపోయింది. ముఖం పాలిపోయిందంటే నా లెక్క సరిపోయిందని అర్థం చేసుకున్నాను.

“చెవులున్నయి గదా నీకు. ఈల విని పొగ ఇడువు,” అన్నాను.

వాడు ఏదో చెప్పబోయి హాలంతా చూశాడు. ముందు వరసలో సిరిసిల్ల వాళ్లు, వాళ్లతోపాటు జావేద్ పనిచేసే కార్ఖానా నడిపే భూమన్న కూడా ఉన్నాడు. “సరే అన్నా,” అని హెడ్‌ఫోన్ రెండు చేతులతో చెవులకేసి అదుముకున్నాడు.

మొదటి రెండు చుట్లు ఎగిరిపోయాం. ఏడో మెట్టు ఇంజనంటే ఏంటో హాలంతా చూసింది. మూడో చుట్టులో వంతెన దాటుతుండగా ఈల మోగింది. స్పీకర్లు ఎంత మోగుతున్నా ఆ సన్నటి ఈల నాకు స్పష్టంగా వినిపించింది.

“పొగ!” అన్నాను.

జావేద్ కదల్లేదు. రాకెట్ వచ్చి తగిలింది. రేకు ఊడిపోయింది.

“పొగ ఇడువురా!” అని అరిచాను. వాడు తెర వదిలి పక్కకు తిరిగి నా ముఖం చూస్తున్నాడు! ఇంత ఆటలో, తెర మానేసి, నా ముఖం! రెండో ఈల. వాడు ఒకసారి తొందరపడి పొగ వదిలాడు, అప్పటికి ఏ రాకెట్టూ లేదు. నిజంగా వచ్చినప్పుడు పొగ అయిపోయింది. నాలుగో చుట్టు సగంలో పోతరాజు ముక్కలైంది. శ్రవణ్ లారీ తాపీగా ఆరు చుట్లు పూర్తి చేసుకుంది.

చప్పట్లు, ఈలలు. తర్వాత ఎవరో స్పీకర్లు ఆపేశారు. నేను లేచి నిలబడ్డాను. నా ముందు గోడంత తెర, దాని మీద కాలిపోతున్న మా లారీ. దాని వైపే చూస్తూ అరిచాను.

“ఎంతకు అమ్ముడువోయినవ్‌రా? నా తిండి తిని, నా ఇంట్ల కూసుండి, ఆళ్ల తోని కలుస్తవా? నీ అసొంటి దొంగను దుకాణంల కాలు వెట్టనిచ్చినందుకు నన్ను నేనే కొట్టుకోవాలె!”

హాలంతా జావేద్ వైపు తిరిగి చూసింది. వెనక నుంచి నా భుజం మీద ఒక చెయ్యి పడింది.

“అన్నా,” అన్నాడు జావేద్, “జర ఇటు తిరిగి చెప్పు. నీ మొఖం కనవడ్తలేదు.”

తిరిగాను. వాడు నా కళ్లలోకి చూడటం లేదు. నా పెదాలు ఎప్పుడు కదులుతాయా అని చూస్తున్నాడు. ఈలోగా శ్రవణ్ కుర్చీలు తోసుకుంటూ మా దగ్గరికి వచ్చాడు.

“అన్నా, జర నిమ్మలం. ఆయనకు ఐదు నెలల సంది చెవులు సరిగ్గ లేవు,” అన్నాడు గొంతు తగ్గించి. “లావు చప్పుడు వినవడ్తది, మాట తెల్వది. సన్నటిది అసలే వినవడ్తలేదు. పదకొండేండ్లు సాంచల నడుమ ఉన్నడు గదా. డాక్టర్ తానికి నేనే తోల్కపోయిన. కార్ఖానాల ఎరుకైతే పని పోతదని ఎవ్వలికి చెప్పలే.”

నమ్మలేదు. నా జన్మలో నమ్మకం అంత తొందరగా రాదు. “మరి గా చేతులు తిప్పుడేంది?” అన్నాను.

“గది కార్ఖానా మాట అన్నా. సాంచలు నడుస్తుంటే ఎవని గొంతు ఎవనికి వినవడది. అందరం చేతుల తోనే మాట్లాడుకుంటం. పోగు తెగింది, కండె అయిపోయింది, బువ్వ తిన్నవా, అన్నీ. ఆ రోజు నేను డాక్టర్ టైమ్ అడిగిన. మూడింటికన్నడు.”

అప్పటికీ నా బుద్ధి ఊరుకోలేదు. గడ్డం గీరుకుంటున్నట్టు అరచేతితో నోరు మూసుకుని, మామూలు గొంతుతో అన్నాను, “జావేద్, నీ ఎనుక మీ అమ్మ అచ్చి నిలవడ్డది.”

పక్కనున్న నలుగురు వెనక్కి తిరిగి చూశారు. జావేద్ మాత్రం నా చేతి వంకే చూస్తూ, “ఏందన్నా?” అన్నాడు.

 సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నెల రోజులు వాడు చెవికి బదులుగా కన్ను అడిగాడు. నేను రోజూ దాన్ని పీకేశాను.

జావేద్ శ్రవణ్ వైపు తిరిగి చెయ్యి తిప్పాడు. అది నాక్కూడా అర్థమైంది. ఏమన్నాడు అని అడుగుతున్నాడు. నేను అన్న మాటలు ఆ హాలులో వినని మనిషి వాడొక్కడే. శ్రవణ్ నా వంక ఒకసారి చూశాడు. తర్వాత చేతులు కదిపాడు. తెరను చూపించాడు, పిడికిలి గుండె మీద కొట్టుకున్నాడు, కన్ను తుడుచుకున్నట్టు చేశాడు. ఓడిపోయినందుకు ఏడుస్తున్నాడని చెప్పాడు. ముక్కూ మొహం తెలియని నా కోసం, అంతమంది ముందు, అబద్ధం చెప్పాడు. జావేద్ నవ్వి నా వీపు తట్టాడు.

“గేమే గదా అన్నా. మళ్ల ఆడుదాం.”

జావేద్‌ను సిరిసిల్ల బస్సు దగ్గరికి నేనే దిగబెట్టాను.  అక్కడితో వదిలేస్తే సరిపోయేది. శ్రవణ్ ఎలాగూ చెప్పడు. హాలులో విన్నవాళ్లు నాలుగు రోజుల్లో మరిచిపోతారు. కానీ ఆ అబద్ధం మీద రేపటి నుంచి జావేద్‌తో ఎలా ఆడను? ఇన్నాళ్లూ వాడి మీద పెట్టిన నేరం, ఇప్పుడు మౌనంగా ఉంటే, నేను చేసినట్టే.

బస్సు ఎక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. వెలుతురుకు ఎదురుగా నిలబడి, పెదాలు కనబడేలా, నెమ్మదిగా చెప్పాను.

“జావేద్, శ్రవణ్ నీకు అబద్ధం చెప్పిండు. నేను ఏడ్వలే. నిన్ను దొంగ అన్న. అమ్ముడువోయినవ్ అన్న. అందరి ముంగట అన్న.”

వాడు తల ఊపాడు. ముఖంలో ఆశ్చర్యం లేదు.

“తెలుసన్నా.”

“ఎట్ల తెలుసు? నీకు వినవడలే గదా?”

“నీ మొఖం కనవడలే. కానీ హాల్ల ఉన్నోళ్లందరి మొఖాలు కనవడ్డయి,” అన్నాడు. కండక్టర్ విజిల్ వేశాడు, వాడికి వినబడలేదు. “ఇటు తిరిగి చెప్పు అన్నది అందుకే అన్నా. నా మొఖం చూసినంక వేరే మాట అంటవేమోనని.”